హోటల్ ఇంజనీరు

మేడిగడ్డ బరాజు కుంగినప్పటి నుంచి మా మహదేవపూర్‌లో ఇంజనీరు కానివాడు దొరకడం కష్టమైపోయింది. బరాజు మా మండలంలోదే మరి. పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందని ఒకడు, గేట్లు ఎత్తాల్సినప్పుడు ఎత్తలేదని ఇంకొకడు. ఈ జాతిలో చిన్నాచితకా ఇంజనీర్లు బరాజులో కుంగిన ఆ ఏడో బ్లాకు దగ్గరే ఆగిపోయారు. అసలైనవాడు ఆగడు. అతనికి ప్రాజెక్టు పెద్దదయ్యే కొద్దీ ధైర్యం పెరుగుతుంది.

పొద్దున్నే చాయ్ హోటల్లో మూల బల్ల అతనిది. పేపరు పక్కవాడిది. ఫోన్లో డబ్బులు కొట్టడమంటే నమ్మకం లేదు, చిల్లర చేతిలో పెడితేనే లెక్క. అణువు కన్నా చిన్నదైన కృష్ణబిలం మీద మాత్రం రవ్వంత అనుమానం లేదు.

"నక్షత్రాల కాడికి పోవాలంటే డీజిల్‌తోని కాదు బిడ్డా. కృష్ణబిలం తయారుజేసి ఓడకు కట్టాలె" అంటాడు.

ఇది అతని సొంత కల్పన కాదు. 2009లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ నుంచి లూయీ క్రేన్, షాన్ వెస్ట్‌మోర్లాండ్ లెక్క కట్టి చూపించారు. 6 లక్షల టన్నుల బరువు ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు జాగాలో ఇమడాలి. అప్పుడది 160 పెటావాట్ల శక్తిని చిమ్ముతుంది. పెటావాట్లంటే హోటల్లో ఎవరికీ ఎక్కలేదు.

"మన చెల్పూరు కేటీపీపీ కరెంటు ప్లాంటు ఎంత? 1,100 మెగావాట్లు. గసొంటివి 14 కోట్లు ఇందులనే ఉన్నట్టు."

చాయ్ గ్లాసులు ఆగిపోయాయి.

"మరి బిలం అన్నీ మింగుతదంటరు గద కాకా, శక్తి బయటికెట్లొస్తది?"

"కాళేశ్వరం పోలేదా? ముక్తీశ్వర లింగానికి బెజ్జాలున్నయి. ఎన్ని బిందెలు పోసినా నిండదు. ఆ నీళ్లు లోపల్లోపల్నే పోయి సంగమంల కలుస్తయంటరు. లోపలికి పోయింది ఏడనో ఓ కాడ బయటికొస్తది. 1974ల హాకింగ్ చెప్పింది గదే."

హాకింగ్ చెప్పింది సరిగ్గా అదే కాదు. బిలం అంచున పుట్టే వికిరణం వల్ల బిలమే కొంచెం కొంచెంగా ఆవిరైపోతుందనీ, చిన్నదయ్యే కొద్దీ మరింత మండిపోతుందనీ ఆయన అన్నాడు. అయినా కాళేశ్వరం దాకా వచ్చి వివరించేంత తీరిక హాకింగ్‌కు ఎక్కడిది?

ఇక డిజైన్. సాసర్ బోర్లించకుండా నిలబెట్టి, దాని ముందు ఒక పంచదార పలుకు పెట్టాడు. పలుకు బిలం, సాసర్ అద్దం. బిలం నుంచి వచ్చే గామా కిరణాలు అద్దానికి తగిలి ఒకే దిక్కున పోతాయి, ఓడ ముందుకు నడుస్తుంది. గామా కిరణాలను అలా తిప్పికొట్టే అద్దం లోకంలో ఇంకా తయారు కాలేదు.

"అద్దం ఏ కంపెనీది కాకా?"

"టెండర్ల తేలుతది."

"ఎన్నేండ్లు నడుస్తది?"

"మూడున్నరేండ్లు."

హోటలంతా గొల్లుమంది. బరాజు 2019 జూన్ 21న ప్రారంభమైంది, 2023 అక్టోబరు 21న కుంగింది. అంటే నాలుగేళ్ల నాలుగు నెలలు. బిలానికి దానికన్నా పది నెలలు తక్కువే మరి.

అతని మొహం ఎర్రబడింది. "గది కుంగింది. గిది ఆవిరైతది. రెండూ ఒకటేనారా?"

ఇంకో మూలన కూర్చున్న డిగ్రీ పోరడు అప్పటికే ఫోన్లో వెతికేశాడు. లేజర్ల వెలుతురంతా ఒక్కచోట గుమ్మరించి బిలం చేద్దామనుకుంటే, అది బిలం కాకముందే ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు పుట్టి శక్తిని బయటికి ఎత్తుకుపోతాయని 2024లో శాస్త్రవేత్తలు తేల్చారట. అంటే వెలుతురుతో పని కాదు.

అతను ఫోన్ను చేయంత దూరం పట్టుకుని చదివాడు. తిరిగిచ్చేశాడు. సాసర్లో చాయ్ పోసుకున్నాడు.

"డిజైన్ మారుస్తరు తియ్. అంచనా పెరుగుతది."

"ఎంతకు పెరుగుతది కాకా?"

"ముందుగాల కొబ్బరికాయ కొట్టనియ్యి."