దింపని చేతికి టీక

మూలం

కొత్తవాడు దింపఁ గోరడు తన పేక
గాలమునకు చిక్కఁ గలదె చేప
ఐదు మార్లు దింప నైనది నూఱెగా
ఒక్క నిండు లెక్క నోడు వాడు

ప్రతిపదార్థం: కొత్తవాడు = నూటొక్క పాయింట్ల రమ్మీకి ఈ సంక్రాంతికే చాప మీద చేరినవాడు (గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అమ్మి జేబు నింపుకొచ్చినవాడని కొందరి అర్థం; సంక్రాంతి నాటికి కాయ ఇంకా కల్లంలోనే ఆరుతుంటుంది గనుక అది పొసగదు); తన పేక = పదమూడు ముక్కలనూ; దింపన్ కోరడు = డ్రాప్ అనడు; గాలమునకు = ఎరగా విసిరిన ముక్కకు; చేప చిక్కన్ కలదె = చిక్కదు; ఐదు మార్లు దింపన్ = ముక్క తీయకముందే ఐదుసార్లు తప్పుకోగా; ఐనది నూఱెగా = ఇరవై చొప్పున నూరే కదా, ఇంకా ఆటలోనే ఉన్నాం; వాడు = ఆ కొత్తవాడు; ఒక్క నిండు లెక్కన్ = ఎనభై పడిన ఒక్క ఆటతో; ఓడు = ఓడిపోవును.

తాత్పర్యం: కొత్తవాడి ముందు తెలివి చూపినవాడు చెడతాడు. చేతిలో ఆఠీను రాణి, జాకీ ఉన్నాయి, రాజు కావాలి. ఇస్పేటు రాజును కింద పడేస్తే, ఇతనికి రాజులతో పని లేదనుకొని ముందువాడు ఆఠీను రాజును వదులుతాడని శాస్త్రం. కొత్తవాడు కింద పడిన ముక్కను చూస్తేగా! వాడి చూపంతా తన చేతి మీదే. పైగా రాజు బొమ్మ ముక్క, చూడముచ్చటగా ఉంటుంది, ఎందుకు వదులుతాడు? తాలు కాయ ఏరకుండా టిక్కీ కుట్టిన రైతులా పదేసి పాయింట్ల బొమ్మలన్నీ ఆఖరిదాకా మోస్తాడు. కనుక గాలాలు మానాలి. చేయి బాగుంటే ఆడాలి. జోకరూ లేక, ప్యూర్ సీక్వెన్సు పోలికా లేకపోతే సిగ్గుపడకుండా దించాలి.

శంక: నూటొక్కటి దాకా వెళ్తేగాని ఎవడూ పోడు, ఎనభైకే ఓడటమేమిటి?

సమాధానం: ఎనభై మీదున్నవాడికి మిగిలింది ఒక్క డ్రాప్. అది వాడికి రాని విద్య.

విశేషం: పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అందుచేత రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటే, మూడు ముక్కలాట లాంటిది కాదని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తేల్చింది. ఆ లెక్కన ఒకే చాప మీద రెండు ఆటలు నడుస్తున్నాయి: మనది రమ్మీ, కొత్తవాడిది మూడు ముక్కలాట. పోకరులో కొత్తవాళ్ల మీద బ్లఫ్ పారదనేదీ ఇందుకే. బెదరాలన్నా ఎదుటి చేతిలో ఏముందో ఊహించాలి కదా. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీనీ పోకరునూ కలిపి నిషేధించింది గనుక, పద్యంలోని పందెం వేరుశనక్కాయలేనని వ్యాఖ్యాత అభిప్రాయం. మూలంలో లేనిది రాయనన్న నియమం మల్లినాథసూరిది, మనది కాదు.

కొత్తవాడికి పంపకంలోనే ప్యూర్ సీక్వెన్సూ మూడు జోకర్లూ పడితే ఏం చేయాలో కవి చెప్పలేదు. అప్పుడు ఇరవై రాయించుకొని, లోపలికి కేకేసి టీ అడగమని పూర్వ వ్యాఖ్యాతలు.