ఆవాల చిటపట కోసం

నేను మైకును. జానెడు గొట్టం, దాని మీద బూడిదరంగు బొచ్చు తొడుగు. కలిగిరిలో ఇద్దరు అన్నదమ్ములు ఆరుబయట వంట వీడియోలు తీస్తారు. వండేది వాళ్ల అవ్వ. కెమెరా కంట్లో పడకుండా, పొయ్యికి వీలైనంత దగ్గరగా కర్రకు వేలాడుతూ వినడం నా పని.

వీళ్లకు ఈ ధైర్యం ఇచ్చింది ఇద్దరు పెద్దవాళ్లు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయసులో చెట్ల కింద కూర్చుని వండుతుంటే, 2016లో మొదలైన ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్ పుణ్యాన దేశదేశాల వాళ్లు చూశారు. పుచ్చకాయలో కోడికూర వండి చూపించిందామె. 2018 డిసెంబరులో కన్నుమూసింది. ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి గారు పెద్ద పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019 అక్టోబరులో ఆయనా వెళ్లిపోయారు. వాళ్ల వీడియోలు చూస్తే ఎంత సులువో అనిపిస్తుంది. ఆ సులువు వెనక ఎంత పాటు ఉందో బయట మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాక గానీ తెలియదు.

మాది మెట్ట. కావలికీ ఉదయగిరికీ నడుమ ఉంటుంది కలిగిరి. నైరుతి రుతుపవనాలు తమ వానలో చాలాభాగం పడమటి కనుమల మీదే కురిపించి, మా దగ్గరికొచ్చేసరికి దాదాపు వట్టి గాలిగా మిగులుతాయి. జూన్, జూలైల్లో ఆ పడమటి గాలి పొద్దెక్కిందంటే ఆగదు. మంటను ఒక పక్కకి తోసేస్తుంది. కుండ ఒకవైపు మాడుతుంటే రెండోవైపు పులుసు వెచ్చబడను కూడా వెచ్చబడదు. దుమ్ము రేగుతుంది, పొగ కెమెరా అద్దం మీదికి మళ్లుతుంది. నీడ కోసం వేపచెట్టు కిందికి పోతే ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడి అవ్వ మొహం, కుండలో పులుసు రంగు ఏదీ సరిగా కనిపించదు. ఆ చిక్కుకు తెల్ల పంచె ఒకటి అడ్డంగా కట్టి దారి చూపారు. నా చిక్కు అంత తేలిగ్గా తీరేది కాదు.

నా లోపల పలచని పొర ఒకటి ఉంటుంది. శబ్దం తగిలితే అది వణుకుతుంది, ఆ వణుకే కరెంటుగా మారి తీగలో పోతుంది. గాలి నేరుగా కొట్టినా అది వణుకుతుంది, ఇంకా గట్టిగా. అప్పుడు రికార్డయ్యేది వంట కాదు, గుబగుబమనే మోత. బొచ్చు తొడుగు గాలి ఊపును విరిచి లోపల కాస్త నిలకడ మిగులుస్తుంది. చిరుగాలికి అది చాలు, పడమటి గాలికి చాలదు. ఎడిటింగులో కింది స్వరాలు కోసేస్తే మోత తగ్గే మాట నిజమే. దాంతోపాటే పులుసు చిక్కబడేటప్పుడు వచ్చే గుప్ గుప్ కూడా పోతుంది.

ఆ గుప్ గుప్ ఎందుకంత ముఖ్యమంటే, అవ్వ చెవితో వండుతుంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండు రసం బాగా తెర్లాక ముక్కలు వేస్తుంది. వేశాక గరిటె పెట్టదు, ముక్క చిదిగిపోతుందని. గుడ్డతో కుండ అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. ఆ తర్వాత కుండలోకి చూడదు. తల కొంచెం వంచి, మాట్లాడకుండా ఉంటుంది. ఉడుకు చప్పుడు బరువెక్కినప్పుడు మామిడికాయ ముక్కలు పడతాయి. ఆమె వినేదాన్ని నేను వినిపించలేకపోతే చూసేవాళ్లకు సగం వంటే అందుతుంది.

ముక్కలు వేయకముందు కలపడానికి మొదట్లో స్టీలు గరిటె ఉండేది. మట్టికుండకు అది తగిలినప్పుడల్లా ఆ గీరుకు నా పొర అదిరిపోయేది. ఇప్పుడు ఉదయగిరి చెక్క గరిటె వాడుతున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చెక్క సామాను అందానికి పేరుపడింది, చప్పుడు చేయని దాని గుణాన్ని మాత్రం నేనే చెప్పాలి.

ఒకరోజు తాలింపు వేసే క్షణంలోనే గాలి విసిరింది. చిన్నవాడు చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, “అవ్వా, ఇంకోసారి వెయ్యవా?” అన్నాడు.

“ఇంకోసారి ఏందిరా నాయనా? ఆవాలు నీ కోసం ఆగతాయా?” అంది అవ్వ, కుండ మీద మూత పెడుతూ.

సినిమాలో మాట తప్పితే మళ్లీ చెప్పొచ్చు. చిట్లిన ఆవాలను మళ్లీ చిట్లించలేరు. చిన్నవాడు నెట్‌లో దొరికే తాలింపు శబ్దం ఒకటి తెచ్చి అతికించాడు. రాత్రి అవ్వకు ఫోనులో చూపించారు. ఆమె ఆ చోట ఆపమంది. “ఇది నేనేసింది కాదు. దీంట్లో నూనెలో నీళ్లు పడినాయి” అంది. మళ్లీ వింటే నిజంగానే చిటపట కాదు, ఎవరో తడి గిన్నెలో నూనె పోసిన చెటచెట. ఆ వీడియో బయటికి పోలేదు. ఎవరి వంటకు వాళ్ల చప్పుడే ఉండాలి. ఎక్కడో మోగిన శబ్దాన్ని ఇక్కడి కుండకు తగిలించడం, వండిన మనిషి చేతిని తీసేయడమే. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ తర్వాత వేళ మార్చారు. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నంతసేపు గాలి పెద్దగా ఉండదు. అందుకని చేపలు రాత్రే కడిగి ఉప్పూ పసుపూ పట్టించి, వెలుతురు రాగానే పొయ్యి వెలిగిస్తున్నారు. పొయ్యిని గోడకు తూర్పు పక్కకు మార్చి, పడమట గోనెపట్టాలు కట్టారు. బాగా ఎండిన సర్కారుతుమ్మ కట్టెలే వాడమంది అవ్వ, పొగ తక్కువని. ముందుగా నన్ను సర్ది, ఒకసారి విని, అప్పుడు నూనె పోయమంటున్నారు.

ఇప్పుడు బెంగంతా అక్టోబరు గురించి. మాకు ఎక్కువ వానలిచ్చేవి ఈశాన్య రుతుపవనాలే. పైన టార్పాలిన్ కట్టాలని పెద్దవాడి ఆలోచన. దాని మీద చినుకులు పడితే నాకు ఇంకేమీ వినపడదు. తాటాకు పందిరైతే చప్పుడు మింగేస్తుందనీ, మంట తగలనంత ఎత్తున వేసుకోమనీ అవ్వ చెప్పింది. రేపు గుంజలు పాతుతారు.