అక్షింతల చిన్నాయన

పెళ్ళికి వెళ్ళి, తాళి కట్టే వేళకు ముందు వరసలో నిలబడి, నాలుగు అక్షింతలు వేసి, ఆ తర్వాత ఆ కాపురం ఏమైందో జన్మలో అడగని చుట్టం ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. దేశానికి అలాంటి చుట్టం మా చిన్నాయన. నిజానికి వరస లేదు. ఇద్దరిదీ హిందూపురం, బెంగళూరులో ఇద్దరిదీ విద్యారణ్యపురలో ఒకటే వీధి, అంతే. ఎవరు ప్రధాని అయినా ఆయనకు పేచీ లేదు. ప్రమాణస్వీకారం ఉండాలి, అది టీవీలో రావాలి.

ఆ రోజు పొద్దున్నే తలస్నానం. ఇస్త్రీ పంచె. ఎడమచేతికి హెచ్‌ఎంటీ జనతా గడియారం. జాలహళ్ళి ఫ్యాక్టరీలో అలాంటివి కొన్ని వేలు తన చేతుల మీదుగా పోయాయంటాడు. కుర్చీ టీవీకి ఎదురుగా, ఒళ్ళో స్టీలు గిన్నె, గిన్నెలో పసుపు కలిపిన అక్షింతలు. అవతల కొత్త ప్రధాని తన పేరు చెప్పగానే ఇవతల గుప్పెడు పడతాయి. పాత డబ్బా టీవీ కాలంలో సగమైనా టీవీ నెత్తిన నిలిచేవి. ఇప్పుడు గోడకు అతికించిన టీవీకి నెత్తే లేదు, అన్నీ నేలమీదే. చిన్నమ్మ బాధ అదొక్కటే. “దేశం సంగతి ఏమో గానీ నాయనా, ఈ ఇల్లు మాత్రం ఐదేండ్లకోసారి శుభ్రంగా చిమ్ముతాను” అంటుంది.

ఆయన మొదటి ప్రమాణం 1977 మార్చి 24. బ్రహ్మచారి గది, చేతిలో ట్రాన్సిస్టర్. 81 ఏళ్ళ మొరార్జీ దేశాయ్‌ని కొత్త పెళ్ళికొడుకుగా ఊహించుకోవడం కష్టమైందట, అయినా ఊహించుకున్నాడు. 1989లో వి.పి.సింగ్‌ది టీవీలోనే చూశాడు. కానీ ఆ రోజు గురించి అడిగితే వి.పి.సింగ్‌ని వదిలేసి దేవీలాల్‌ని పట్టుకుంటాడు. రాష్ట్రపతి వెంకట్రామన్ “మంత్రి” అని అందిస్తే, దేవీలాల్ “ఉపప్రధానమంత్రి” అని చదివాడు. సరిదిద్ది మళ్ళీ అందిస్తే మళ్ళీ అదే. “పురోహితుడు చెప్పిందొకటి, పెళ్ళికొడుకు పలికిందొకటి. ఆ లగ్నం నిలబడేదేనా?” నిలబడలేదన్న సంగతి మనకూ తెలుసు. అయినా ఆ రోజు ఆయన అక్షింతలకు లోటు చేయలేదు.

1991 జూన్ 21న పి.వి. ప్రమాణం చేసినప్పుడు చిన్నాయన వీధంతా కేసరిబాత్ పంచాడు. తెలుగువాడు ప్రధాని! ఆ తర్వాత మన నంద్యాల నుంచే పార్లమెంటుకు వెళ్ళాడు కూడా! అప్పటికే హోసూరు నుంచి టైటాన్ క్వార్ట్జ్ గడియారాలు వచ్చి, కీ ఇచ్చే గడియారాన్ని తాతగారి వస్తువుగా మార్చేస్తున్నాయి. ఆపైన పి.వి. ప్రభుత్వమే బజారు తలుపులు తెరిచింది. ఎవరైనా ఈ రెండూ కలిపి చెబితే చిన్నాయన ముఖం గంటుపెట్టుకుంటాడు. “కేసరిబాత్ పెట్టింది మనిషికప్పా, బడ్జెట్‌కు కాదు.”

1996 మాత్రం ఆయన జీవితంలో పండగల సంవత్సరం. మే 16న వాజపేయి, జూన్ 1న దేవెగౌడ. పదహారు రోజుల తేడాలో రెండు ముహూర్తాలు. వాజపేయి కోసం చేసిన మైసూర్‌పాక్ డబ్బా ఖాళీ కాకముందే ప్రభుత్వం ఖాళీ అయింది, మిగిలింది దేవెగౌడకు సర్దారు. పదమూడు పార్టీల ఐక్య కూటమి. కన్వీనరు చంద్రబాబు. “మనోడు కన్వీనరు, వీళ్ళోడు ప్రధాని. ఇంకేం కావాల?” అని, హాసన్ జిల్లా నుంచి వచ్చిన ఇంటి యజమానితో కలిసి హోటల్‌కి వెళ్ళి చౌచౌబాత్ తెప్పించాడు. సంకీర్ణ ప్రభుత్వానికి ఆయన పెట్టుకున్న పేరు అప్పటినుంచీ అదే: ఒకే ప్లేటులో ఖారాబాత్, కేసరిబాత్. రెండూ పక్కపక్కన ఉన్నంతసేపు బాగుంటుంది, కలిపితేనే గొడవ. పది నెలలు దాటాక ఎవరో కలిపారు.

విదేశీ ముహూర్తాలకు కూడా ఆయన వెనకాడలేదు. 2009 జనవరి 20, మనకు రాత్రి పదిన్నర. కొడుకు మాన్యతా టెక్ పార్కులో నైట్ షిఫ్టు, అమెరికా క్లయింటు. “వాళ్ళింట పెళ్ళి బాగా జరిగితే మనోడికి ప్రాజెక్టు” అని ఒబామా ముందు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ప్రమాణంలో ఒక మాటను తీసి వేరే చోట పెట్టాడు, ఒబామా తడబడ్డాడు. చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. “మంత్రం తప్పింది! ఈసారి పురోహితుడే తప్పినాడు!” మేము నవ్వాం. మర్నాడు శ్వేతసౌధంలో ఒబామా చేత మళ్ళీ ప్రమాణం చేయించారని తెలిశాక వారంరోజులు మా వైపు చూడలేదు. మే నెలలో అదే ఒబామా, బఫెలోలో కంటే బెంగళూరులో ఉద్యోగం ఇచ్చినవాడికి పన్ను తక్కువ పడటం ఏం న్యాయమన్నాడు. పేపరు చదివి చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఎనుముతో పోటీ పెట్టినాడప్పా మనకు” అన్నాడు.

ఇన్ని చూసిన మనిషికి ఆశ చావలేదా అని అడగొచ్చు. నేను అడిగాను. ఆయన దగ్గర ఒక నియమం ఉంది: ప్రమాణం అయిపోగానే టీవీ కట్టేస్తాడు. శాఖల కేటాయింపు చూడడు. “శాఖ ఇచ్చేదాకా అందురూ మంచోళ్ళే. ఎవురి చేతిలోనూ ఏమీ ఉండదు కదా, చెడగొట్టేదానికి?” ఆ ఒక్క రాత్రి ఆయన చాలా బాగా నిద్రపోతాడని చిన్నమ్మ సాక్ష్యం.

2024 జూన్ 9, ఆదివారం రాత్రి. మోదీ మూడోసారి, డెబ్భై ఒక్క మంది మంత్రులతో. గిన్నె చాలక చిన్నమ్మ పళ్ళెంలో కలిపింది. మోదీకి గుప్పెడు, మన రామ్మోహన్ నాయుడికి గుప్పెడు, దేవెగౌడ కొడుకు కుమారస్వామికి పాత బాకీ కింద రెండు గుప్పెళ్ళు. ఆ తర్వాత టీవీ కట్టేశాడు.

సోమవారం రాత్రి మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే చిన్నాయన.

“శాఖలు వచ్చినాయంట కదా?”

నలభై ఏడేళ్ళ నియమం. నాకు నోట మాట రాలేదు. ఫోను తీసి చదివాను. నాయుడికి విమానయానం. కుమారస్వామికి ఉక్కు, భారీ పరిశ్రమలు.

“భారీ పరిశ్రమలంటే...”

“అవును. హెచ్‌ఎంటీ అందులోదే.”

ఆయన వెంట వాళ్ళింటికి నడిచాను. చిన్నమ్మ విని, “గడియారాల కంపెనీ మూసెయ్యమని ఢిల్లీలో తీర్మానమై ఎనిమిదేండ్లు దాటింది కదయ్యా” అంది, మెల్లగానే. చిన్నాయన చేతి గడియారం విప్పి కీ ఇవ్వసాగాడు. దానికి పొద్దున ఒక్కసారే కీ ఇవ్వాలని, ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందని నాకు పదిసార్లు పాఠం చెప్పిన మనిషి. తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“నిన్నటి అక్షింతలు ఏమన్నా మిగిలినాయా?”

చిన్నమ్మ లోపలికి వెళ్ళింది. ముందు చీపురు తెచ్చి గోడకు ఆనించింది. తర్వాత పళ్ళెం తెచ్చి ఇచ్చింది.