పులస బాబాయ్

సిరుగుప్ప చుట్టుపక్కల ఆంధ్ర రైతుల క్యాంపుల్లో దేనికి వెళ్లినా ఒక పులస బాబాయ్ తగులుతాడు. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక, కాలవ నీళ్లమీద ఆశతో వాళ్ల తాత గోదావరి జిల్లాలో ఉన్న చెక్క అమ్ముకుని ఇక్కడికొచ్చి వరి వేశాడు. ఆయన వెంట ఎడ్లొచ్చాయి, ఆవకాయ జాడీలొచ్చాయి. పులస మాత్రం రాలేదు. ఆ లోటు బాబాయ్ నోటితో పూడుస్తున్నాడు.

పుట్టింది ఇక్కడే, బళ్లో చదివింది కన్నడం. సముద్రాన్ని చూసింది చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, అదీ బస్సు కిటికీలోంచి. అయినా చేపల మీద తీర్పు చెప్పే హక్కు వంశపారంపర్యంగా దక్కిందని ఆయన నమ్మకం.

ఆదివారం పొద్దున్నే కంప్లి ఏటిగట్టున చూడాలి ఆయన్ని. పుట్టిలోంచి చేపలు దించీ దించకముందే మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు, పొట్ట నొక్కుతాడు, వేలు వాసన చూసి మూతి ముడుస్తాడు.

"మట్టివాసన."

"ఏటి చేపకు మట్టివాసన గాక మల్లెపూల వాసనొస్తుందా అన్నా? తీస్కుంటే తీస్కో" అంటుంది అమ్మే ఆవిడ.

రెండు కిలోల జిలేబి చేపలు, ఒక వాలుగ సంచిలో పడతాయి.

వానాకాలంలో డ్యాము గేట్లు ఎత్తారంటే మా వైపు అదే తిరునాళ్ల. జనం నీళ్లు చూడ్డానికి పోతారు, బాబాయ్ చేపల వేపుడు కోసం పోతాడు. 2021లో డ్యాము ఉన్న హోసపేట బళ్లారి నుంచి విడిపోయి విజయనగర జిల్లాలో కలిస్తే, "జిల్లా పోతే పోయింది, పెనం అక్కడే ఉందిగా" అన్నాడు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి ఊళ్లన్నీ వరి గురించి గుండెలు బాదుకుంటుంటే, ఈయన కంప్లికి ఫోన్ చేశాడు: "చేపలేమన్నా కిందికి దిగుతున్నాయంట్రా?" తనకూ వరి ఉందన్న సంగతి తెల్లారాక గుర్తొచ్చింది.

పులస ఏటికి ఎదురీదుతుంది గనక, అడ్డం లేకపోతే కృష్ణలోంచి తుంగభద్రకెక్కి మన గుమ్మం దగ్గరే ఆగేదని ఆయన సిద్ధాంతం. ప్రకాశం బ్యారేజీ, సాగర్, శ్రీశైలం, సుంకేశుల... ఒక్కో ఆనకట్టనూ పేరుపెట్టి తిడతాడు. తన చేనుకు నీళ్లిచ్చే డ్యాము జోలికి మాత్రం పోడు. పుస్తెలమ్మైనా పులస తినాలని ఆయన అన్నప్పుడల్లా పిన్ని మెళ్లో గొలుసు కొంగుచాటుకు సర్దుకుంటుంది.

ఎప్పుడైనా ఈ క్యాంపులకొస్తే బాబాయ్ ఇంట్లోనే భోంచేయండి. పిన్ని చేసే వాలుగ పులుసు అమోఘం. విస్తరి ముందు పులస మాట మాత్రం ఎత్తకండి. ఆయన ముగించేసరికి పులుసు చల్లారిపోతుంది.