మౌలాలి ఔటర్లో ఎమ్మెస్ నాన్న

మల్కాజ్‌గిరి ఆనంద్‌బాగ్‌లో మా వీధి చివరింటి హాల్లో రెండు గోడగడియారాలుంటాయి. ఒకటి మనది, ఒకటి టెక్సస్‌ది. టెక్సస్ గడియారం మీద దుమ్ము ఉండదు. ఇంటాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. బండి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఎందుకైందో రాసిపెట్టుకున్న మనిషి. ఇప్పుడు కొడుకు ఫోను నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఆ ఇంట్లో కుక్కర్ కూడా కూతెయ్యడానికి జంకుతుంది. ఎండాకాలం పదిన్నర గంటల తేడా, చలికాలం పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఆయన స్టూలెక్కి ముల్లు తిప్పుతుంటే, వాళ్ళావిడ కింద స్టూలు పట్టుకుని నిలబడుతుంది. పంచాంగంలో లేని పండగలు అవి.

పేరెందుకు, ఎమ్మెస్ నాన్న అంటే చాలు. మీ వీధిలోనూ ఉంటారు. పాస్‌పోర్టు ఉంటుంది, అందులో ఒక్క ముద్రా ఉండదు. అమెరికా వీసా రూల్సు మాత్రం లాయరు దగ్గర గుమాస్తాగిరీ చేసినట్టు చెబుతారు.

కొడుకు అమెరికా ఎమ్మెస్ చదువుతో 2023 వేసవిలో మొదలైంది ఇదంతా. అప్పటికి కాన్సులేటు బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారి మూడు నెలలైంది. ఇంటర్వ్యూ పొద్దున ఎనిమిదిన్నరకైతే, తండ్రీకొడుకులు చీకటితోనే బయల్దేరారు. అంతకుముందే చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు అయ్యాయి. వీసా వచ్చింది. కోరిక తీరాక నూటెనిమిది తిరగాల్సినవాడు షాపింగూ, సెండాఫ్ పార్టీల్లో పడి తిరగకుండానే విమానమెక్కాడు. ఆ బాకీ తండ్రి తీర్చారు. మొక్కు కొడుకుది, మోకాళ్ళు ఆయనవి.

అబ్బాయి చదువుకునే రోజుల్లో ఆయన నడకే వేరు. సఫిల్‌గూడ చెరువు చుట్టూ ఒక రౌండు వేస్తే చాలనుకునేవారు కాస్తా, వినేవాళ్ళు దొరికితే మూడు వేసేవారు. 2023-24లో అమెరికాలో చదివే మనదేశపు విద్యార్థులు 3,31,602 మంది, చైనాను దాటేశామని పేపర్లో వచ్చిన రోజు కటింగు జేబులో పెట్టుకొచ్చారు. "చివర్న ఆ రెండు ఉంది చూశారూ, అందులో ఒకడు మావాడే సార్."

"మావాడికి యూనివర్సిటీలో పని" అని కూడా చెప్పేవారు. మేమంతా పాఠాలు చెబుతున్నాడనుకున్నాం. ఓ రాత్రి వీడియో కాల్లో అబ్బాయి వెనకాల బల్లలూ, చేతిలో తుడిచే గుడ్డా కనిపించేసరికి ఆవిడ గుట్టు విప్పింది. క్యాంపస్ భోజనశాలలో బల్లలు తుడుస్తున్నాడట, వారానికి ఇరవై గంటలు. అంతకు మించి రూలు ఒప్పుకోదు. "ఇక్కడ తిన్న కంచం ఎత్తినవాడు కాదు" అని కళ్ళొత్తుకుంది. "ఆ ముక్క అక్కడి ప్రొఫెసర్లకు తెలీదుగా" అని ఆయన సర్దేశారు కానీ, మర్నాటి నుంచి తన కంచం తానే కడుక్కోవడం మొదలుపెట్టారు. ఎందుకని మేమూ అడగలేదు.

రూపాయితో ఆయనకు విచిత్రమైన సంబంధం. ఫీజు కట్టే నెలల్లో డాలరు పది పైసలు పెరిగితే మజ్జిగ కూడా సయించేది కాదు. బ్యాంకు అప్పు ఇక్కడి రూపాయల్లో, ఖర్చు అక్కడి డాలర్లలో మరి. పిల్లాడు సంపాదనలో పడ్డాక మాత్రం రూపాయి ఎంత పడితే అంత మంచిదని చెప్పి, చుట్టూ చూసి, గొంతు తగ్గించేవారు. దేశభక్తి ఉన్న మనిషి.

2025 మేలో చదువైపోయింది. అక్కడి నుంచి అసలు కథ. చదువయ్యాక పనిచేసుకోవడానికి ఓపీటీ అని ఏడాది ఇస్తారు. కంప్యూటర్ చదువైతే ఇంకో రెండేళ్ళు పొడిగించుకోవచ్చు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండే రోజులు మొత్తం తొంభై దాటకూడదు. ఆయన గోడ క్యాలెండర్లో ఏకాదశులూ అమావాస్యల మధ్య ఎర్రపెన్నుతో అంకెలు వేయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... చెరువు దగ్గర నడక మానేశారు. ఎదురుపడితే "మీవాడు ఏం చేస్తున్నాడండీ?" అనేవాళ్ళు ఎక్కువ కదా. ఒకసారి నేనే నోరు జారి అడిగాను. "మౌలాలి ఔటర్లో ఆగాడు సార్" అన్నారు. సికింద్రాబాద్ బండ్లలో తిరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఊరు కనిపిస్తుంటుంది. సామాను దించుకుని తలుపు దగ్గర నిలబడతాం. సిగ్నల్ పడదు.

అంకె అరవై దాటాక సెప్టెంబరులో ఇంకో పిడుగు. హెచ్-1బి ఉద్యోగ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. రూపాయల్లో 88 లక్షలు. ఆయన ఇల్లు అమ్మితే ఎంతొస్తుందో ఆ రాత్రే లెక్కేశారని ఆవిడ చెప్పింది. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్ళకు అది వర్తించదని నెల తర్వాత వివరణ వచ్చింది. ఈలోగా ఆయన రెండు కిలోలు తగ్గారు.

ఆ వివరణ రాకముందే డెబ్బై నాలుగో అంకె దగ్గర పెన్ను ఆగింది. అబ్బాయికి కాంట్రాక్టు ఉద్యోగం. ఆ తెల్లారే మైసూర్‌పాక్ డబ్బాతో మా గుమ్మంలో నిలబడి "లైన్ క్లియర్!" అన్నారు. మార్చిలో హెచ్-1బి లాటరీ ఉంది కదా అని నేను అనబోయి, మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకున్నాను.

మొన్న పక్కవీధి కుర్రాడు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆయన దగ్గరికొచ్చాడు. సామాను తూచే కొక్కెం కాటా ఈ చుట్టుపక్కల ఆయనదే. పెట్టెకు 23 కిలోలు. ఒకటి 24న్నర తూగింది. గోంగూర తీద్దామని కుర్రాడు, చెయ్యి వెయ్యనివ్వని వాళ్ళమ్మ. ఆయన జడ్జిలా ఆలోచించి జీన్స్ ప్యాంట్లు రెండు తీయించారు. "అక్కడ దొరుకుతాయి" అన్నారు.

కుర్రాడు జిప్పు లాగుతూ, తలెత్తకుండా అడిగాడు.

"అంకుల్, అక్కడ ఎలా ఉంటుంది?"

ఆయన కాసేపు గడియారం వంక చూశారు. తర్వాత ఫోను తీసి వేలితో జరిపి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఇప్పుడైతే మబ్బుగా ఉంది బాబూ."