కర్నల్ గారి పిస్తోలు

సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంట్లలో కర్నల్ గారంటే తెలియనివాళ్లు లేరు. ఆయన సైన్యంలో ఒక్కపూట కూడా పనిచెయ్యలేదు. తెనాలిలో పుట్టి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైరయ్యారు. అసలు ఆ బిరుదు హాల్లో గాజుపెట్టెలో పడుకున్న డెన్మార్క్ మిలిటరీ పిస్తోలుది. ఈయన వాడుకుంటున్నారంతే.

ఈ రోడ్డు పొడుగునా గేటు గేటుకీ ఇలాంటివారు ఒకరుంటారు. ఒకాయన గ్రామఫోన్లు పోగేస్తాడు, ఇంకొకాయన ఇత్తడి తాళాలు. తుపాకి ఉన్నవాడు వీళ్లందరికీ పెద్దన్న.

అది చెకుముకి పిస్తోలు. 1772 నాటి రౌతుల నమూనా అని ఆయన మాట. గొట్టంలో మందూ గుండూ దట్టించాలి, పక్కనున్న బుల్లి పళ్లెంలో చిటికెడు మందు పొయ్యాలి. మీట నొక్కితే దవడల్లో బిగించిన చెకుముకి రాయి ఉక్కు రేకుని గీరుతుంది. రవ్వలు పళ్లెంలో రాలి, ఆ మంట సన్నని బెజ్జంలోంచి గొట్టంలోకి దూరుతుంది. వాన పడితే పేలదు. గాలి వీస్తే పేలదు. ఒక్కోసారి పళ్లెంలో భగ్గుమని ఊరుకుంటుంది. ఉద్యోగమంతా బగ్గులు పట్టి పదిమందినీ ఏడిపించిన మనిషి, ఇన్ని బగ్గులున్న సరుకు మీద మనసు పారేసుకున్నాడు!

ఆ పిస్తోలు ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది వచ్చిన అతిథిని బట్టి ఉంటుంది. తమిళులొస్తే తరంగంబాడిదే, డేన్లు 1620లో అక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టుకున్నారు కదా. బెంగాలీలొస్తే శ్రీరాంపూర్‌ది. ఆ రెండు ఊళ్లనీ డెన్మార్క్ 1845లో పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసిందని చెప్పి, "ఇవాళ సర్జాపురలో మూడు బెడ్‌రూముల ఫ్లాటుకి అడ్వాన్సు కూడా రాదు" అని తనే నవ్వుతారు. కన్నడిగులకు టిప్పు సైన్యం కథ. మనవాళ్లొస్తే మచిలీపట్నం! ఓసారి రిటైరైన చరిత్ర మేష్టారొకరు, "మచిలీపట్నంలో డేన్ల వర్తకం 17వ శతాబ్దం నాటిది, మీ పిస్తోలేమో 1772 అంటున్నారు" అని అడ్డు తగిలారు. కర్నల్ గారు తొణకలేదు. "వెళ్లినవాళ్లు మరిచిపోయిన సామానుకోసం మళ్లీ రాకూడదా అండీ?" అన్నారు. మేష్టారు కాఫీ తాగేశారు.

అసలు గండం వేరే ఉంది. పక్క ఫ్లాటు కుర్రాడొచ్చి, "అంకుల్, ఇది ఇప్పుడు పేలుతుందా?" అన్నాడనుకోండి, ఆయన కళ్లు వెలిగిపోతాయి.

"రాయి మార్చి కాస్త నూనె పడితే నేల అదిరిపోతుంది బాబూ!"

వంటింట్లోంచి దగ్గు వినిపిస్తుంది. వాళ్లావిడకి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కంఠస్థం. పాతకాలపు ఆయుధమైనా సరే, మరమ్మతు చేసినా పేలదన్నప్పుడే ఆ చట్టం దాన్ని వదిలేస్తుంది. అంటే ఆయన గొప్ప ఎంత పెరిగితే లైసెన్సు అవసరం అంత దగ్గరపడుతుందన్నమాట.

మొన్న అయిదో అంతస్తు గృహప్రవేశానికి ఒక సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఊరికే చూద్దామని వీళ్లింటికి దిగాడు. కర్నల్ గారి గొంతు కూడా దిగింది.

"ఇదా సార్? వట్టి తుప్పు. షోకి పెట్టాం."

"రిపేరు చేయిస్తే?"

"రిపేరు చేస్తే ఇంకా పాడైపోతుంది సార్!"

ఆ రాత్రి భోజనం చెయ్యలేదట పాపం. సొంత బిడ్డని చేతకానివాడని చెప్పుకోవాల్సి వచ్చిన తండ్రి ఇంకేం తింటాడు!

డాలస్‌లో కొడుకు, "నాన్నా, ఇక్కడికి తెచ్చెయ్యి" అంటాడు. 1898 లోపు తయారైన ఇలాంటివి అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకులే కావు. అయితే నూరేళ్లు దాటిన పురావస్తువుల్ని సొంతంగా దేశం దాటించడానికి మన 1972 చట్టం ఒప్పుకోదు. అక్కడ తుపాకి కాదు, ఇక్కడ కదలకూడదు. వాళ్లావిడ మాత్రం, "దీనికి పోసిన డబ్బుతో వడ్డాణం కొనుంటే ఏ సెక్షనూ అడ్డొచ్చేది కాదు" అంటుంది.

మీ అటకమీద తాతలనాటి తుపాకి ఏదైనా ఉంటే, దయచేసి ముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కనుక్కోండి. మా కర్నల్ గారిని మాత్రం సలహా అడక్కండి. మీరు ఏ ఊరివాళ్లో తెలిసేదాకా ఆయన ఏమీ చెప్పరు.