ఎమ్మే బోరు

దేవరకొండ అవతల మా ఊళ్లో, చిన్నాయిన చెలకలో ఒక బోరుంది. 650 ఫీట్లు. చుక్క నీళ్లు లేవు. ఊరంతా దాన్ని ‘ఎమ్మే బోరు’ అంటారు. ఆ ఎమ్మే నేనే.

ఉస్మానియాలో ఫిలాసఫీ చదివే రోజులవి. తెలుసుకోవడమంటే ఏమిటో నాకొక్కడికే తెలిసినట్టు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని వాదించేవాణ్ని. నమ్మాలి, నమ్మింది నిజం కావాలి, నమ్మకానికి తగిన ఆధారం ఉండాలి. ఈ మూడూ కుదిరితే జ్ఞానమేనని ఒక లెక్క. 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో ఆ లెక్క చెడగొట్టాడు. మూడూ ఉన్నా నిజం గుడ్డిగా తగిలి ఉండొచ్చు కదా అన్నాడు. 8వ శతాబ్దంలోనే బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడికి ఈ మెలిక తెలుసు. దప్పికైనవాడు ఎండమావిని చూసి నీళ్లనుకుని ఉరుకుతాడు. తీరా పోతే అక్కడ రాయి కింద నిజంగానే నీళ్లుంటాయి. మరి వాడికి నీళ్లున్న సంగతి ముందే తెలిసినట్టా, కాదా? పరీక్షలో దీని మీద ఆరు పేజీలు రాశాను.

ఆ ఎండాకాలమే మా బత్తాయి చెట్లు వాడుముఖం పట్టాయి. నాయిన బోరు వేయిద్దామని కొబ్బరికాయతో నీళ్లు చూసే తాతను పిలిపించాడు. అరచేతిలో అడ్డంగా ఉన్న కాయ ఒకచోట నిటారుగా లేచింది. “కాయ లేస్తే నీళ్లుంటయని ఎట్ల చెప్తవ్ తాతా? వ్యాప్తి ఏది? రెంటికీ తప్పని లంకె ఏది?” అన్నాను. తాత బీడీ ముట్టించుకున్నాడు.

గట్టు పక్కన ఒక్కచోట గరిక పచ్చగా ఉంది. మిగతా చెలకంతా మాడిపోయింది. నా వేలు అటు చూపించింది. “ఆ గట్టు కింద...” అని నాయిన ఏదో చెప్పబోయాడు. “నువ్వాగు నాయినా. పొగ ఉంటే నిప్పుంటది, పచ్చ ఉంటే తడి ఉంటది” అన్నాను. శబ్దం కూడా, అంటే నమ్మదగినవాళ్ల మాట కూడా, ప్రమాణమేనని నైయాయికులు చెప్పారు, నాకు కంఠతా వచ్చు. కన్నతండ్రి నోట్లోంచి వచ్చే శబ్దం మాత్రం లెక్కలోకి రాలేదు.

నేను చూపించిన చోటే బోరు వేశారు. 210 ఫీట్లకు రెండించుల నీళ్లు పడ్డాయి. ఇంకేముంది, నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మరుసటేడు చిన్నాయిన అడిగాడు. మా పక్క చెలకే, అదే గట్టు. అక్కడా గరిక పచ్చగా ఉంది. మిత్తికి తెచ్చిన పైసలతో బోరు బండి వచ్చింది. రెండు వందలు, మూడు వందలు, ఐదు వందలు... పిండిలాంటి తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు. చెట్లు, మొహాలు, చిన్నాయిన మీసాలు, అన్నీ తెల్లబడ్డాయి. మాది నల్లరాతి నేల. నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. పగులు తగిలితే బతికావు, పది అడుగులు పక్కకు పోతే దుమ్మే.

650 దగ్గర ఆపేశారు. బండి తిరిగిపోతుంటే వెనక చక్రం గరికలో దిగబడింది. ఫట్‌మని చప్పుడు. మనిషెత్తున నీళ్లు ఎగజిమ్మాయి. పక్క రైతు ఎప్పుడో గట్టు వెంట పూడ్చిన పైపులైను. కారే జాయింటు దగ్గరల్లా గరిక పచ్చబడింది.

చిన్నాయిన మొహం మీది దుమ్ము తుడుచుకుని, “గదిగో బిడ్డా, పడ్డయి నీళ్లు” అన్నాడు.

సాయంత్రం మా చెలకలో బోరు పక్కన పారతో తవ్వి చూశాను. జానెడు లోతులో అదే పైపు, అదే కారడం. కింద పగులు తగలడం మా అదృష్టం, అంతే. అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాసాల, అంటే దొంగ హేతువుల, పట్టీ తెరవగానే సవ్యభిచారం కనిపిస్తుంది. ఉండాల్సిన చోటే కాక, ఉండకూడని చోట కూడా తిరిగే హేతువు. నా గరిక అదే. గెటియర్ మీద ఆరు పేజీలు రాసినవాడికి గట్టు మీదున్న గెటియర్ కనపడలేదు. ఆ పేపర్లో మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

“నీకు ముందే తెల్సు గదా?” అని నాయినను అడిగాను.

“చెప్పబోతే ఆగమంటివి” అన్నాడు.

చిన్నాయిన బోరులో దింపిన కేసింగ్ పైపు ఎంత లాగినా పైకి రాలేదు. దాని నోటి మీద బండ పెట్టారు. చిన్నాయిన ఇప్పుడు బర్రెను దానికే కట్టేస్తాడు.